మెరుపు మాటున మురికి గొట్టం

నల్గొండ: పెళ్లిళ్ల ముహూర్తాలు దగ్గర పడ్డాయంటే బ్యూటీ పార్లర్ల గుమ్మం ముందు చెప్పుల వరుస పెరుగుతుంది. ఒకప్పుడు ముఖానికి ఆవిరి పట్టి, వేళ్లకు దూది చుట్టుకొని, చిన్న ఇనుప పుల్లతో ముక్కు మీది బ్లాక్‌హెడ్స్‌ను నొక్కి తీసేవారు. కళ్ల వెంట నీళ్లు తిరిగేవి. ఇప్పుడు ఆ పనిని గాలితో పీల్చే యంత్రం చేస్తోంది. మొదట్లో పెద్ద నగరాల స్పాలలో కనిపించిన ఈ యంత్రాలు క్రమంగా జిల్లా కేంద్రానికి, మిర్యాలగూడ, దేవరకొండ వంటి పట్టణాలకు కూడా చేరాయి. నీలి దీపం, మెరిసే మొన, మెత్తగా వినిపించే పంపు చప్పుడు. కుర్చీలో వాలిన వారికి కనిపించేది, వినిపించేది అంతే. యంత్రం వెనుక ఉన్న గొట్టాన్ని, దాని చివర ఉన్న సీసాను తిరిగి చూసేవారు అరుదు.

నిజానికి చూడవలసింది అక్కడే. ముఖం నుంచి పీల్చిన జిడ్డు, మృతకణాలు, నీరు, ఒక్కోసారి రక్తపు చుక్క ఎక్కడికీ మాయమైపోవు. మొన వెనుక భాగంలో, గొట్టం లోపలి గోడల మీద, ఫిల్టర్‌లో, సీసాలో నిలిచి ఉంటాయి. ఏ రోజుకు ఆ రోజు వాటిని తొలగించని పక్షంలో అందానికి కొన్న యంత్రమే చర్మవ్యాధులకు నెలవుగా మారే ప్రమాదం ఉంది. అప్పు చేసి యంత్రం తెచ్చుకున్న చిన్న పార్లర్ నిర్వాహకురాలికైనా, పెళ్లికి వారం ముందు ముఖం అప్పగించిన అమ్మాయికైనా నష్టం నష్టమే.

పీల్చేది చెమట కాదు

వాడుకలో వీటిని స్వేద రంధ్రాలు అంటున్నా, ముక్కు మీద, బుగ్గల మీద కంటికి కనిపించే ఆ గుంటలు చెమట గ్రంథుల ద్వారాలు కావు. అవి రోమకూపాలు. వాటికి అనుబంధంగా ఉండే తైల గ్రంథుల నుంచి వచ్చే జిడ్డు, రాలిన మృతకణాలతో కలిసి గట్టిపడి ద్వారాన్ని మూసివేస్తుంది. పైభాగం గాలి తగిలి నల్లబడినప్పుడు దానిని బ్లాక్‌హెడ్ అంటారు. ఆ నలుపు దుమ్ము వల్ల వచ్చినది కాదు, కాబట్టి ఎంత సబ్బు రుద్దినా పోదు.

యంత్రం ఈ గట్టిపడిన జిడ్డును ఆవిరితోనో, ద్రావణంతోనో మెత్తబరిచిన తర్వాత గాలి లాగే బలంతో పైకి తీస్తుంది. గ్రంథి పని చేస్తూనే ఉంటుంది గనుక కొద్ది వారాల్లో మళ్లీ జిడ్డు చేరడం సహజం. రంధ్రం శాశ్వతంగా మూసుకుపోతుందని, చిన్నదవుతుందని ఎవరైనా చెబితే అది అమ్మకపు మాటే.

యంత్రాలు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది పొడి రకం. గాజు లేదా ప్లాస్టిక్ మొన, గొట్టం, చిన్న ఫిల్టర్, పంపు ఇందులో ఉంటాయి. వజ్రపు పొడి అతికించిన మొనతో చర్మాన్ని గీకుతూ పీల్చేవి కూడా ఈ కోవలోనివే. రెండవది నీటి రకం. ఇందులో ఒక సన్నని దారి గుండా ద్రావణం చర్మం మీదకు వస్తుంది, పక్క దారి గుండా మురికితో సహా వెనక్కు పోయి వ్యర్థ సీసాలో పడుతుంది. పార్లర్ల బోర్డుల మీద హైడ్రా అన్న మాట ఎక్కువగా ఈ రెండవ రకానికే వాడుతున్నారు. నీరు ఉన్న చోట సూక్ష్మజీవులు త్వరగా పెరుగుతాయి గనుక ఈ రకానికి శుభ్రత మరింత అవసరం.

వాట్సన్‌విల్ నేర్పిన పాఠం

సౌందర్య సాధనాల లోపలి మురికి ఎంతటి అనర్థం తేగలదో అమెరికాలో 2000 సంవత్సరంలో బయటపడింది. కాలిఫోర్నియా రాష్ట్రంలోని వాట్సన్‌విల్ పట్టణం వ్యవసాయానికి పేరుపడ్డ ప్రాంతం. అక్కడి ఒక సెలూన్‌లో పాదాలకు సేవ చేయించుకున్న మహిళల కాళ్ల మీద గడ్డలు లేచాయి. మామూలు పరీక్షల్లో ఏ క్రిమీ దొరకలేదు. ఇటువంటి నలుగురు రోగులను గమనించిన ఒక వైద్యుడు ఆ ఏడాది సెప్టెంబరులో ఆరోగ్య శాఖకు సమాచారం ఇచ్చారు. విచారణ ముగిసేసరికి బాధితుల సంఖ్య 110కి చేరింది.

కారణం మైకోబాక్టీరియం ఫార్చుయిటమ్ అనే సూక్ష్మజీవి. క్షయ క్రిమికి దూరపు బంధువు వంటిది, నీటిలో, మట్టిలో సహజంగానే ఉంటుంది. మామూలుగా ఆరోగ్యవంతులను పెద్దగా బాధించదు. ఆ సెలూన్‌లో పాదాలు ఉంచే తొట్లు మొత్తం 10. పరీక్షించగా పదింటిలోనూ అదే క్రిమి బయటపడింది. తొట్టి పైకి శుభ్రంగానే ఉంది. నీటిని వెనక్కు పీల్చి మళ్లీ తిప్పే దారిలో ఒక జాలీ ఉంటుంది. దానిని విప్పి చూస్తే వెనుక వెంట్రుకలు, చర్మపు పొట్టు ముద్దలుగా పేరుకొని ఉన్నాయి. ఆ ముద్దలే క్రిమికి ఆహారమూ, ఇల్లూ అయ్యాయి. పార్లర్‌కు వచ్చే ముందు కాళ్ల మీద వెంట్రుకలను రేజరుతో తీసుకున్నవారు ఎక్కువగా జబ్బు పడినట్లు కూడా తేలింది. రేజరు చేసిన కంటికి కనిపించని గాట్లే క్రిమికి ద్వారాలయ్యాయి.

అది ఒక్క సెలూన్ తప్పిదమేనా అన్న సందేహంతో తరువాత అదే రాష్ట్రంలోని ఐదు కౌంటీల్లో 18 సెలూన్లకు చెందిన 30 తొట్లను పరీక్షించారు. 29 తొట్లలో మైకోబాక్టీరియా జాతి క్రిములు దొరికాయి. ఈ ఫలితాలు 2005లో వెలువడ్డాయి. ప్రతి కస్టమర్ తరువాతా తొట్టిని క్రిమిరహితం చేయాలని, ప్రతి రోజూ జాలీ విప్పి వెనుక భాగం కడగాలని, కడిగినట్లు పుస్తకంలో నమోదు చేయాలని కాలిఫోర్నియా నిబంధనలు తెచ్చింది.

పాదాల తొట్టికీ ముఖం మీది మొనకూ పోలిక ఏమిటన్న ప్రశ్న రావచ్చు. రెండింటిలోనూ నీటిని పీల్చే దారి ఉంది. రెండింటిలోనూ చర్మపు పొట్టు ఆ దారిలో చేరుతుంది. రెండింటిలోనూ అసలు మురికి చేరే చోటు కంటికి కనబడదు. ఫేషియల్‌కు ముందు ముఖం మీది నూగును రేజరుతో తీసే అలవాటు మన పట్టణాల్లోనూ పెరిగింది. దారంతో లాగించుకున్న రోజైనా, రేజరు పెట్టిన రోజైనా మొన పెట్టకుండా కనీసం ఒకటి రెండు రోజులు ఆగడం మేలు.

కడగడం వేరు, క్రిములను చంపడం వేరు

చాలా చోట్ల జరిగే పొరపాటు ఒక్కటే. మొనను స్పిరిట్ దూదితో ఒకసారి తుడిచి శుభ్రమైందని భావిస్తారు. జిడ్డు పొర కింద దాగిన క్రిమిని స్పిరిట్ చేరుకోలేదు. ముందు మురికిని వదిలించాలి, ఆ తరువాతే మందు పని చేస్తుంది. ఎంగిలి గిన్నెను తోమకుండా వేడినీళ్లలో ముంచినంత మాత్రాన శుభ్రం కాదు గదా.

సరైన పద్ధతిలో కస్టమర్ లేచిన వెంటనే, జిడ్డు ఆరకముందే మొనను విప్పాలి. గోరువెచ్చని నీరు, పాత్రలు తోమే ద్రవం వేసి మెత్తని చిన్న బ్రష్షుతో రంధ్రం లోపల కూడా రుద్దాలి. మరీ వేడి నీళ్లు పోస్తే రక్తం, మాంసకృత్తులు గడ్డకట్టి గోడలకు అంటుకుంటాయి. శుభ్రమైన నీటితో కడిగి, వెలుతురుకు ఎత్తి పట్టుకొని చూసి, అప్పుడు క్రిమినాశక ద్రావణంలో పూర్తిగా మునిగేలా ఉంచాలి. మొన లోపల గాలి బుడగ నిలిస్తే అక్కడికి ద్రావణం చేరదు. అందుకే పక్కకు వంచి ముంచడం అవసరం.

ఏ ద్రావణం అన్నది మొన దేనితో తయారైందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. ఆస్పత్రుల్లో పరికరాలను అవి తాకే చోటును బట్టి మూడు తరగతులుగా విభజిస్తారు. ఎర్ల్ స్పాల్డింగ్ అనే అమెరికా శాస్త్రవేత్త చేసిన విభజన ఇది. గాయం లేని చర్మాన్ని తాకే వస్తువుకు తక్కువ స్థాయి క్రిమినాశనం సరిపోతుంది. చిట్లిన చర్మాన్ని తాకేదానికి పై స్థాయి కావాలి. రక్తనాళాల్లోకి, శరీరం లోపలికి వెళ్లేదానికి సంపూర్ణ క్రిమిరహితం చేయడం తప్పనిసరి. బ్లాక్‌హెడ్స్ తీసే మొన పేరుకు మొదటి తరగతిది. అయితే పీల్చేటప్పుడు, గీకేటప్పుడు చర్మం చిట్లడం మామూలే గనుక దానిని రెండవ తరగతిగానే పరిగణించడం క్షేమం.

గాజు, స్టీలు మొనలను ఆటోక్లేవ్‌లో పెట్టవచ్చు. 121 డిగ్రీల సెల్సియస్ వద్ద ఆవిరి ఒత్తిడిలో క్రిములతో పాటు వాటి బీజాలు కూడా నశిస్తాయి. పప్పు ఉడికించే ప్రెషర్ కుక్కర్‌దీ అదే సూత్రం. ప్లాస్టిక్ మొనలు చాలా వరకు ఆ వేడికి వంకర పోతాయి. వాటికి 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను, తయారీదారు అనుమతిస్తే 2 శాతం గ్లూటరాల్డిహైడ్‌ను వాడుతారు. ఆల్కహాల్ ఎంత చిక్కగా ఉంటే అంత మంచిదన్నది అపోహ. క్రిమిలోని మాంసకృత్తులను విరగ్గొట్టడానికి కొంత నీరు కావాలి, అందుకే 99 శాతం కంటే 70 శాతమే బాగా పని చేస్తుంది. గ్లూటరాల్డిహైడ్‌లో కనీసం 20 నిమిషాలు నానాలి, ఆపై శుభ్రమైన నీటితో బాగా కడగాలి. దాని ఆవిరి కళ్లకు, ఊపిరితిత్తులకు చేటు చేస్తుంది. కిటికీ లేని ఏసీ గదిలో మూత తెరిచి ఉంచడం తగదు, చేతికి తొడుగు లేకుండా ముట్టడమూ తగదు.

బ్లీచింగ్ ద్రావణం చౌక. 5 శాతం సోడియం హైపోక్లోరైట్‌ను లీటరు నీటికి 20 మిల్లీలీటర్ల చొప్పున కలిపితే సుమారు 0.1 శాతం ద్రావణం వస్తుంది. మొన మీద రక్తం కనిపించిన సందర్భంలో ఒక పాలుకు తొమ్మిది పాళ్ల నీరు కలిపి వాడాలి. పది నిమిషాలు చాలు. ఏ రోజుది ఆ రోజే కలుపుకోవాలి, నిలవ ఉంచితే శక్తి తగ్గిపోతుంది. స్టీలును ఎక్కువసేపు అందులో వదిలేస్తే చిన్న చిన్న గుంటలు పడతాయి. ఆ గుంటలే రేపటి మురికికి చోటు ఇస్తాయి.

రక్తం విషయంలో ఉదాసీనత పనికిరాదు. హెపటైటిస్-బి వైరస్ ఎండిన మరకలో సైతం కనీసం ఏడు రోజులు బతికి ఉండగలదు. అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రంలో 2018లో మూతపడిన ఒక స్పాకు వెళ్లినవారిలో కొందరికి హెచ్‌ఐవీ సోకిన వైనాన్ని ఆ దేశపు సీడీసీ 2024లో ప్రకటించింది. అక్కడ చేసినది సూదులతో కూడిన ఫేషియల్, పీల్చే యంత్రంతో కాదు. సూది దిగని చోట అంతటి ముప్పు ఉండదు. ఒకరికి వాడినది మరొకరికి వాడడం ఎంత దూరం వెళ్లగలదో చెప్పడానికే ఈ ప్రస్తావన.

ఒకసారి వాడి పారవేయమని పొట్లం మీద ముద్రించిన మొనలను కడిగి దాచుకోవడం కూడా కనిపిస్తుంది. వాటి గరుకు అంచులు బ్రష్షుకు లొంగవు. పొడి రకం యంత్రాల హ్యాండ్‌పీస్‌లో ఉండే చిన్న దూది ఫిల్టర్‌కూ ఇదే వర్తిస్తుంది. మనిషి మారగానే అదీ మారాలి. ఇక నీలి కాంతి పెట్టె సంగతి. పార్లర్లలో అల్ట్రావయొలెట్ పెట్టెను స్టెరిలైజర్ పేరుతో అమ్ముతున్నారు. కిరణం తగిలిన వైపు మాత్రమే దాని ప్రభావం. మొన లోపలి రంధ్రంలోకి, నీడ పడిన వైపుకు అది చేరదు. శుభ్రం చేసిన వస్తువులను దుమ్ము పడకుండా దాచుకోవడానికి ఆ పెట్టె పనికివస్తుంది. శుభ్రం చేయడానికి పనికిరాదు.

గొట్టం, సీసా, ఫిల్టర్

మొనను మార్చినా గొట్టం మారదు. పీల్చడం ఆపగానే గొట్టం గోడలకు అంటిన తడి మెల్లగా కిందికి జారుతుంది. హ్యాండ్‌పీస్‌ను తల కిందులుగా పట్టుకుంటే ఆ బొట్టు కొత్త మొన గుండా కొత్త ముఖం మీదే పడుతుంది. కాబట్టి ప్రతి కస్టమర్ తరువాత కనీసం ఒక గ్లాసు సబ్బు నీటిని, ఆ వెంటనే ఒక గ్లాసు మంచి నీటిని యంత్రం చేతనే పీల్పించాలి. ఐదు నిమిషాల పని.

రాత్రి పూట మరికొంత సమయం కేటాయించాలి. సబ్బు నీరు, మంచి నీరు, తయారీదారు చెప్పిన క్రిమినాశని, మళ్లీ మంచి నీరు వరుసగా పోవాలి. చివరగా రెండు మూడు నిమిషాలు ఒట్టి గాలిని పీల్పించి గొట్టాన్ని ఆరబెట్టాలి. తడి గొట్టాన్ని చుట్టచుట్టి పెట్టెలో పెట్టి మూత వేస్తే తెల్లవారేసరికి లోపల జిగురు పొర మొదలవుతుంది. వేలితో తాకితే జారుడుగా ఉంటుంది, ముక్కు దగ్గర పెడితే పాచి వాసన వస్తుంది. ఒకసారి ఈ పొర గట్టిపడితే మందు నీళ్లకు లొంగదు. అప్పుడు గొట్టం మార్చడం ఒక్కటే మార్గం. గొట్టాన్ని మేకుకు నిలువుగా వేలాడదీసి రెండు చివరలూ తెరిచి ఉంచడం మంచి అలవాటు.

వ్యర్థ సీసాను మూడింట రెండు వంతులు నిండకముందే ఖాళీ చేయాలి. ఆపైకి పోతే నురగ ఎగబాకి ఫిల్టర్‌ను తడుపుతుంది. సీసాకు, పంపుకు మధ్య ఉండే తెల్లని బిళ్ల వంటి ఆ ఫిల్టర్ గాలిని పోనిస్తుంది, నీటిని ఆపుతుంది. తడిసి మూసుకుపోతే పీల్చే బలం ఒక్కసారిగా పడిపోతుంది. అటువంటప్పుడు కొందరు దానిని తీసి పక్కన పెట్టి గొట్టాన్ని నేరుగా పంపుకు కలుపుతుంటారు. తాత్కాలికంగా బలం పెరిగినట్లే అనిపిస్తుంది. కాని మురికి నీరు పంపులోకి చేరి లోపలి రబ్బరు కవాటాలు అంటుకుపోతాయి. బిళ్ల ఖరీదుతో పోయేది పంపు ఖరీదు దాకా వస్తుంది. పైగా పంపు వెనుక నుంచి వెలువడే గాలి వడకట్టకుండానే గదిలోకి వస్తుంది.

మసాజ్ క్రీమ్, కొబ్బరి నూనె ముఖం మీద ఉండగానే మొన పెట్టడం యంత్రానికి చేసే పెద్ద కీడు. నూనె గొట్టం పొడవునా పరుచుకుంటుంది, దాని మీద పొట్టు అంటుకుంటుంది. ముందు ముఖం తుడవాలి. మొన బిగుతుగా కూర్చోవడానికి ఉండే ఓ-రింగులకు కూడా పెట్రోలియం జెల్లీ రాయరాదు, కొన్ని రకాల రబ్బరు ఉబ్బి సాగిపోతుంది. రబ్బరుకు సరిపడే గ్రీజు ఏదో యంత్రంతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది.

ఏ నీరు పోయాలి?

నల్గొండ జిల్లా బోరు నీరు అనగానే ఫ్లోరైడ్ గుర్తుకు వస్తుంది. ఈ యంత్రానికి అసలు శత్రువు ఫ్లోరైడ్ కాదు, నీటి కాఠిన్యం. కాల్షియం, మెగ్నీషియం లవణాలున్న నీరు ఆరిన చోటల్లా తెల్లని పెచ్చు కడుతుంది. బకెట్ అంచున కనిపించే ఆ తెలుపే జుట్టు వెంట్రుకంత సన్నని ద్రావణపు దారిలోనూ చేరి దానిని మూసివేస్తుంది. గరుకైన ఆ పెచ్చు సూక్ష్మజీవులు అంటుకోవడానికి అనువైన నేల.

మంచి నీరు అన్నచోట డిస్టిల్డ్ వాటర్‌ను వాడుకోవాలి. ఇక్కడా ఒక చిక్కుంది. ఇన్వర్టర్ బ్యాటరీల కోసం దుకాణాల్లో అమ్మే నీటిలో లవణాలు ఉండవన్నంత వరకే హామీ. క్రిములు ఉండవన్న హామీ లేదు. నెలల తరబడి డబ్బాలో నిలవ ఉన్నదానిని ముఖానికి తాకే యంత్రంలో పోయడం సరికాదు. అది తప్ప వేరే దారి లేనప్పుడు కాచి చల్లార్చి, మూత ఉన్న శుభ్రమైన పాత్రలో ఉంచుకొని, మరునాటికి మిగిలినది పారబోయాలి. 20 లీటర్ల క్యాన్ నీటిలో లవణాలు తక్కువే గాని క్యాన్ లోపలి శుభ్రత చేతిలో లేని విషయం, దానినీ కాచాల్సిందే.

పెచ్చు కట్టిన దారిని నిమ్మ ఉప్పు కలిపిన నీటితోనో, వెనిగర్‌తోనో వదిలించవచ్చు. అయితే బ్లీచింగ్ ద్రావణం వాడిన రోజున దానిని పూర్తిగా కడిగేయకుండా వీటిని పోయరాదు. ఆమ్లం తగిలితే బ్లీచింగ్ నుంచి క్లోరిన్ వాయువు వెలువడుతుంది. మూసిన చిన్న గదిలో అది ప్రాణాంతకం కూడా కావచ్చు.

బొటనవేలి పరీక్ష

యంత్రానికి ఉన్న మీటరు ముల్లు చాలా సంగతులు చెబుతుంది. సముద్రమట్టం వద్ద గాలి ఒత్తిడి 760 మిల్లీమీటర్ల పాదరసం. యంత్రం అందులో ఎంత తగ్గించిందో ముల్లు చూపుతుంది. ఉదయం మొదటి కస్టమర్‌కు ముందు మొనకు శుభ్రమైన తొడుగు ఉన్న బొటనవేలు అడ్డం పెట్టి చూడాలి. ముల్లు రోజూ చేరే గీత దాకా లేచి, వేలు తీయగానే పడిపోతే అంతా సవ్యం. వేలు పెట్టినా లేవకపోతే ఎక్కడో గాలి దూరుతోందని అర్థం. ముందుగా సీసా మూత, తరువాత ఓ-రింగు, ఆపై గొట్టం మడతల వద్ద పగుళ్లు వెతకాలి. మీటరు పంపు పక్కనే ఉన్న యంత్రాల్లో వేలు పెట్టకుండానే ముల్లు పైకి లేచి ఉంటే దారిలో ఎక్కడో అడ్డం పడిందని గ్రహించాలి. ఫిల్టర్ మీద మొదటి అనుమానం పడాలి. కొత్తగా కొన్న రోజే ఆ గీతను గోడ మీదనో, పుస్తకంలోనో రాసుకొని ఉంచుకుంటే తరువాత పోల్చుకోవడానికి వీలవుతుంది.

బలం తగ్గిందని మీట తిప్పి పెంచడం చాలా మందికి అలవాటు. లోపం ఫిల్టర్‌లో ఉండగా మీట పెంచి, ఆనక ఫిల్టర్ మార్చి మీట తగ్గించడం మరిచిపోతే ఆ పూట మొదట కూర్చున్నవారి బుగ్గ మీద గుండ్రటి ఎర్రని మచ్చ ఖాయం. సున్నితమైన రక్తనాళికలు చిట్లడం వల్ల అది వస్తుంది. మన చాయ చర్మంలో అటువంటి మచ్చ తగ్గాక కూడా నల్లని గుర్తు నెలల పాటు నిలుస్తుంది. మొనను ఒకే చోట నిలపకుండా కదుపుతూ ఉండాలి. చీము మొటిమలు, పెదవి పక్క పొక్కులు ఉన్నవారికి, రక్తం పలుచబడే మందులు, మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్నవారికి డాక్టరును అడగకుండా ఈ సేవ చేయరాదు.

ఇక కరెంటు. పంపు మోటారు లో-వోల్టేజీలో త్వరగా వేడెక్కుతుంది, స్టెబిలైజర్ ఉండడం మంచిది. చౌక ఇన్వర్టర్ల మీద కొన్ని మోటార్లు గట్టిగా హోరుమంటాయి, అప్పుడు ఆపేయడమే మేలు. నీటి సీసాలు, తడి చేతులు ఉన్న చోట ఎర్తింగ్ లేని రెండు పిన్నుల ప్లగ్గు ప్రమాదకరం. యంత్రం వెనుక గాలి రంధ్రాలకు గోడ అడ్డం కాకుండా జానెడు దూరం ఉంచి, అందులో చేరే పౌడరును, వెంట్రుకలను వారానికి ఒకసారి పొడి బ్రష్షుతో దులపాలి.

రెండు సెట్ల లెక్క

ముహూర్తాల రోజుల్లో బయట పదిమంది కూర్చొని ఉండగా ఇరవై నిమిషాలు మొనను నానబెట్టే తీరిక ఎక్కడిదన్నది న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు తొందరగా తుడిచేయడం కాదు, మొనలు ఎక్కువ ఉంచుకోవడం. ఒక సెట్టు పనిలో, ఒకటి ద్రావణంలో, వీలైతే మరొకటి ఆరి మూత డబ్బాలో ఉంటే ఎవరినీ ఆపవలసిన పని లేదు. యంత్రం కొనేటప్పుడే అదనపు మొనలు, ఓ-రింగులు, ఫిల్టర్లు, ఒక గొట్టం ధరలో కలిపి ఇమ్మని అడగాలి. విడిభాగాలు దొరకని యంత్రం ఎంత చౌకగా వచ్చినా ఏడాదిలో మూలన పడుతుంది. ఐటీఐల్లో కాస్మెటాలజీ కోర్సు ఉన్నప్పటికీ చాలా మంది ఈ పనిని మరో పార్లర్‌లో చేరి నేర్చుకున్నవారే. అక్కడ చూపిన పద్ధతే వారికి తెలిసిన పద్ధతి. యంత్రంతో వచ్చే పుస్తకం ఆంగ్లంలోనో, చైనా భాషలోనో ఉంటుంది. అమ్మినవారి చేత ఒకసారి దగ్గరుండి విప్పించి, కడిగించి చూపించుకోవడం, దానిని ఫోనులో వీడియో తీసి పెట్టుకోవడం కొన్నవారి హక్కు. ఈ ఖర్చు తప్పించుకుంటే మిగిలేదేమీ లేదు. నిర్లక్ష్యం వల్ల నష్టపోయిన కస్టమర్ 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌ను ఆశ్రయించవచ్చు, 1915 నంబరుకు ఫోన్ చేసి సలహా పొందవచ్చు.

కుర్చీలో కూర్చునే ముందు మొన ఎక్కడి నుంచి తీస్తున్నారో చూడడం, వ్యర్థ సీసా ఖాళీగా ఉందో లేదో గమనించడం, గొట్టం పారదర్శకమైనదైతే లోపల పసుపు రంగు జిడ్డు కనిపిస్తోందేమో పరికించడం ఎవరైనా చేయగలిగినవే. అడిగితే చిన్నబుచ్చుకునే చోటు కంటే విప్పి చూపించే చోటును ఎంచుకోవడం మేలు.

ఫేషియల్ తరువాత కొద్ది గంటల పాటు ముఖం ఎర్రగా ఉండడం సాధారణం. రెండు మూడు రోజుల్లో చీము పొక్కులు వచ్చినా, జ్వరం తగిలినా డాక్టరును కలవాలి. అంతకంటే సులభంగా పొరబడే లక్షణం మరొకటి ఉంది. వారాలు గడిచాక ఒకటి రెండు చోట్ల నొప్పి పెద్దగా లేని గట్టి గడ్డ లేచి, మామూలు మందులకు తగ్గకుండా ఊదా రంగుకు తిరగడం. వాట్సన్‌విల్ బాధితుల్లో ఎక్కువ మందికి నెలల తరబడి మందులు వాడవలసి వచ్చింది, మచ్చలు మిగిలాయి. ఈ జాతి క్రిములు సాధారణ చీము పరీక్షలో తరచుగా దొరకవు, ప్రయోగశాలకు ప్రత్యేకంగా చెప్పి పెంచి చూడవలసి ఉంటుంది. ఏ నెలలో, ఏ యంత్రంతో ఫేషియల్ చేయించుకున్నదీ డాక్టరుకు చెబితేనే ఆయనకు ఆ పరీక్ష రాయాలన్న ఆలోచన వస్తుంది.